మామునూరు నుంచి ఫ్లైట్ ఎక్కడికి?

మా చెల్లెలి కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతి సెలవులు అయిపోయి తిరిగి పోయే రోజు పొద్దున ఆరున్నరకు శంషాబాద్‌లో ఫ్లైటు. దాని కోసం హన్మకొండలో రాత్రి ఒంటిగంటకే కారెక్కాడు. అంతకుముందు ఇంట్లో ఒక గంట తూకాల పంచాయితీ నడిచింది. చెల్లె సూట్‌కేసును స్ప్రింగు కాటాకు తగిలించి పైకి లేపుతుంది, ముల్లు 15 దాటగానే కిందికి దించుతుంది, ఏదో ఒకటి బయటికి తీస్తుంది, మళ్లీ లేపుతుంది. లోపల వేసే పెట్టెకు 15 కిలోలు, చేతి సంచికి 7 కిలోలు. "సకినాల డబ్బా తీసెయ్యమ్మా" అంటాడు వాడు. "డబ్బా తియ్య. నీ బూట్లు తియ్" అంటుంది ఆమె.

కారు జనగామ, ఆలేరు, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, శంషాబాద్ చేరేసరికి నాలుగైంది. అక్కడ లైన్లు, చెకింగ్, ఎదురుచూపు. విమానం గాల్లో ఉన్నది గంటా పావు. దాని కోసం నేల మీద గడిచింది ఐదున్నర గంటలు. వాడు బెంగళూరులో దిగేసరికి ఇక్కడ మా చెల్లె ఇంకా నిద్రపోలేదు. డ్రైవర్ వెనక్కి వస్తూ దారిలో కునుకు తీస్తాడేమో అని ఆమె టెన్షన్.

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, భూపాలపల్లి, ములుగు, మహబూబాబాద్... ఇటువైపు ప్రతి ఊళ్లో ఇలాంటి రాత్రులున్నాయి. అందుకే వరంగల్ పక్కన మళ్లీ తెరవాలనుకుంటున్న మామునూరు ఎయిర్‌పోర్టు మాట వస్తే చాలు, అందరూ ముందు అడిగేది "ఎప్పుడు ఓపెన్ అయితది?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ దాని పక్కనే ఇంకో ప్రశ్న పెట్టకపోతే మనకు టెర్మినల్ దక్కుతుంది, ఫ్లైటు దక్కదు. ఎక్కడికి? ఎన్ని గంటలకు? వారానికి ఎన్ని రోజులు? ఈ మూడింటినీ నిర్ణయించేది సర్కారు కాదు, ఎయిర్‌లైన్ కంపెనీ. ఆ కంపెనీ లెక్క ఎలా వేస్తుందో తెలిస్తే, మనం ఏది అడగాలో, ఎవరిని అడగాలో తెలుస్తుంది.

ఇన్నేళ్లు ఎందుకు ఆగింది

మామునూరు కొత్త ఎయిర్‌పోర్టు కాదు. 1930లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టింది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లుకు, వరంగల్ ఆజంజాహి మిల్లుకు వచ్చిపోయే వాళ్లకు అక్కరకొస్తుందని అప్పటి ఆలోచన. 1,875 ఎకరాల స్థలం ఉండేది. 1962 చైనా యుద్ధం టైమ్‌లో విమానాలను తెచ్చి ఇక్కడ ఉంచారని పాతతరం వాళ్లు చెప్తారు. 1981 తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. భూమి ఒక్కో అవసరానికి కొంత కొంత తరిగిపోయి, చివరికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో 696 ఎకరాలు మిగిలాయి.

ఆ తర్వాత అడ్డుపడింది ఒక కాగితం. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కట్టడానికి ప్రైవేటు కంపెనీతో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది: 25 ఏళ్ల పాటు 150 కిలోమీటర్ల లోపల ఇంకో పౌర విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయకూడదు. శంషాబాద్ తెరుచుకుంది 2008 మార్చిలో. అంటే 2033 దాకా. వేల కోట్లు పెట్టి కట్టే వాళ్లకు పక్కనే పోటీ రాదని భరోసా ఇవ్వడం ఇలాంటి ఒప్పందాల్లో మామూలే. మామునూరు దురదృష్టం ఏమిటంటే, మ్యాపు మీద తిన్నగా గీత గీసి కొలిస్తే శంషాబాద్ నుంచి అది ఆ 150 లోపలే, అంచుకు ఆనుకుని ఉంటుంది. ఇంకొన్ని కిలోమీటర్లు అవతల ఉండి ఉంటే ఈ కథే వేరు.

చివరికి శంషాబాద్ నడిపే కంపెనీ అభ్యంతరం లేదని చెప్పింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్ర విమానయాన శాఖ మామునూరుకు అనుమతి ఇచ్చింది. అంతకుముందు 2024 నవంబర్‌లోనే రాష్ట్ర సర్కారు ఇంకో 253 ఎకరాల సేకరణకు 205 కోట్లు మంజూరు చేసింది. ఆ భూమి నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి రైతులది. రేటు కోసం, ఊరికి పోయే దారి మూసుకుపోతుందని వాళ్లు రోడ్డెక్కారు. అది వాళ్ల హక్కు. వాళ్ల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం, ఎందుకంటే ఈ లెక్క మొత్తంలో ముందుగా పెట్టుబడి పెట్టింది వాళ్లే.

ఉత్తర తెలంగాణలో మిగతా చోట్ల అడ్డంకులు వేరు. రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌కు 150 కిలోమీటర్ల గొడవ లేదు, అది అంతకంటే చాలా దూరం. అక్కడ రన్‌వే చిన్నది, చుట్టూ గుట్టలు. ఆదిలాబాద్‌లో స్థలం వాయుసేనది, అందుకే 2025లో రక్షణ శాఖ ఒప్పుకున్నాకనే అక్కడ కదలిక వచ్చింది. మూడు చోట్లా జనం ఒకే మాట అడుగుతున్నారు గానీ, ఒక చోట చిక్కు కాగితంతో, ఇంకో చోట కొండతో, మరో చోట యజమానితో.

రన్‌వే ఎంత ఉంటే మ్యాపు అంత

మామునూరులో పాత రన్‌వే 1.8 కిలోమీటర్లు. దాన్ని 2.8 కిలోమీటర్లకు పెంచాలన్నది ప్లాను. ఒక్క కిలోమీటరు కోసం అంత భూమి, అంత ఖర్చు, అన్ని గొడవలు ఎందుకని చాలామంది అడుగుతారు. మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన భాగం ఇదే.

మన దేశంలో చిన్న ఊళ్లకు తిరిగే విమానం ఎక్కువగా ఏటీఆర్-72. రెక్కల కింద రెండు పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి, దాదాపు 70 నుంచి 78 సీట్లు. ఎక్కడానికి ఏరోబ్రిడ్జి అక్కర్లేదు, తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. దానికి ఉన్న 1.8 కిలోమీటర్లు చాలు. గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగం. ఇక బడ్జెట్ ఎయిర్‌లైన్లు పెద్ద ఊళ్ల మధ్య తిప్పేది ఎయిర్‌బస్ ఎ320, 180కి పైగా సీట్లు. నిండా మనుషులు, సామాను, ఇంధనం ఎక్కించుకుని లేవాలంటే దానికి రెండు కిలోమీటర్లకు పైగా రన్‌వే కావాలి.

ఆ పైన మన ఎండ. వేడిగాలి పల్చబడుతుంది. పల్చటి గాలిలో రెక్కకు పట్టు తక్కువ, ఇంజనుకు బలం తక్కువ, కాబట్టి లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు చూసిన వాళ్లం మనం. అలాంటి మధ్యాహ్నం రన్‌వే చాలకపోతే కంపెనీ ఏం చేస్తుంది? బరువు తగ్గిస్తుంది. అంటే కొన్ని సీట్లు అమ్మకుండా ఖాళీగా వదిలేస్తుంది. సీటు ఖాళీగా ఎగరడం బడ్జెట్ ఎయిర్‌లైన్‌కు అన్నిటికంటే పెద్ద నష్టం.

రన్‌వే ఒక్కటే పొడిగిస్తే సరిపోదు. విమానం అదుపు తప్పి ముందుకు జారితే ఆగడానికి రెండు చివర్లా ఖాళీ నేల ఉండాలి. పక్కలకు కూడా వెడల్పుగా, గుంటలు, గోడలు, చెట్లు లేకుండా చదునుగా ఉంచాలి. పెద్ద విమానం వస్తే ఫైర్ ఇంజన్ల స్థాయి కూడా పెరగాలి. ఆ 253 ఎకరాల్లో చాలా భాగం మనం ఎప్పుడూ అడుగుపెట్టని ఖాళీ నేలకే పోతుంది. చూసేవాళ్లకు వృథాగా పడున్నట్టు కనిపిస్తుంది, కానీ అది ఉంటేనే లైసెన్సు.

ఇప్పుడు మ్యాపు తీయండి. మామునూరు నుంచి తిన్నగా బెంగళూరు ఎయిర్‌పోర్టు సుమారు 560 కిలోమీటర్లు. చెన్నై దాదాపు అంతే. తిరుపతి 475. విశాఖ 385. ఇవన్నీ ఏటీఆర్‌కు గంటా గంటన్నర ప్రయాణం. ముంబయి 720, ఏటీఆర్‌లో రెండు గంటల దాకా పడుతుంది, ఓపిక పట్టాలి. ఢిల్లీ 1,200 కిలోమీటర్లు. అంత దూరం ఏటీఆర్‌తో నడపడం కంపెనీకి గిట్టదు, కూర్చున్న వాళ్లకూ కష్టం. అంటే 1.8 కిలోమీటర్ల రన్‌వే ఉంటే మన ప్రపంచం దాదాపు దక్షిణాదికే పరిమితం. 2.8 ఉంటే ఢిల్లీ, కోల్‌కతా, ముంబయి కూడా సులువుగా అందుతాయి. రన్‌వే పొడుగు గురించి జరిగే చర్చ అసలు మనం ఎంత దూరం పోగలమన్న దాని గురించే.

కంపెనీ కళ్లతో చూస్తే

చవక టికెట్ల కంపెనీ దగ్గర మంత్రమేమీ లేదు. ఒకే రకం విమానాలు కొంటుంది, అందుకే పైలట్లు, మెకానిక్కులు, స్పేర్ పార్టులు అన్నీ ఒకే రకంతో సరిపోతాయి. తిండికి, సీటు ఎంచుకోవడానికి, ఎక్కువ సామానుకు వేరుగా డబ్బు తీసుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, విమానాన్ని నేల మీద నిలబెట్టదు. నిలబడ్డ ఆటోకు కిరాయి రాదు, నిలబడ్డ విమానం సంగతీ అంతే. దిగిన 25, 30 నిమిషాల్లో జనాన్ని దింపి, చెత్త ఊడ్చి, కొత్త జనాన్ని ఎక్కించి మళ్లీ లేవాలి. పొద్దున మొదటి ట్రిప్పు అరగంట లేటైతే ఆ అరగంట రోజంతా ఊరూరా తిరుగుతుంది.

అలాంటి కంపెనీ మామునూరు వైపు చూసినప్పుడు మొదట వేసుకునే లెక్క ఇలా ఉంటుంది. 78 సీట్ల ఏటీఆర్ రోజుకు ఒకసారి బెంగళూరు నుంచి వచ్చి వెళ్తే, రానూ పోనూ కలిపి ఏడాదికి 56,940 సీట్లు. అదే 180 సీట్ల ఎయిర్‌బస్ అయితే 1,31,400. ఒక్క రూటుకు, ఒక్క ట్రిప్పుకే ఇన్ని. వీటిలో ఎనభై శాతమన్నా నిండాలి. ఏటీఆర్‌లో అంటే ప్రతిరోజూ పోయేటప్పుడు 62 మంది, వచ్చేటప్పుడు 62 మంది. పండగ రోజు కాదు, ఆషాఢంలో మంగళవారం నాడు కూడా.

ఆ 62 మంది ఎవరు? వరంగల్‌కు ఉన్న బలం ఇక్కడే. హైదరాబాద్ తర్వాత రాష్ట్రంలో పెద్ద నగరం. 1959 నుంచి ఉన్న ఎన్ఐటీలో దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు చదువుతారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి కోసం బయటి రాష్ట్రాల వ్యాపారులు వస్తారు. గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో విదేశీ కంపెనీ కూడా ఉంది. కరీంనగర్ గ్రానైట్ వ్యాపారులున్నారు, రామగుండంలో ఎన్టీపీసీ, సింగరేణి ఉన్నాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్పకు బయటి రాష్ట్రాల జనం తాకిడి ఉంది. రెండేళ్లకోసారి మేడారం. వీటన్నిటి మీదా బెంగళూరులో, చెన్నైలో, పుణెలో ఉద్యోగాలు చేసే మన పిల్లలున్నారు.

బలహీనత కూడా అంత స్పష్టంగానే ఉంది. పక్కనే శంషాబాద్. అక్కడి నుంచి బెంగళూరుకు రోజుకు ఎన్నో ఫ్లైట్లు, పొద్దున ఐదింటికీ ఉంటుంది, రాత్రి పదకొండింటికీ ఉంటుంది. కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి రేట్లు తగ్గిస్తాయి. మామునూరులో రోజుకు ఒక్కటే ఫ్లైటు, అది కూడా మధ్యాహ్నం పన్నెండింటికి అనుకోండి. బెంగళూరులో పొద్దున తొమ్మిదికి ఆఫీసులో ఉండాల్సిన వాడు ఎక్కడు. టికెట్ రెండు వేలు ఎక్కువైతే నలుగురున్న కుటుంబం కారు మాట్లాడుకుని శంషాబాద్‌కే పోతుంది. జనగామ వాళ్లు ఎలాగూ అటే పోతారు, వాళ్లకు సగం దారి అప్పుడే తగ్గింది. ఖమ్మం వాళ్లు ఇటు మామునూరు, అటు గన్నవరం రెండూ చూసుకుని ఏది చవకైతే అటు పోతారు.

మామునూరుకు ఖాయంగా దక్కాల్సిన మనుషులు వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, ఆ పైన కరీంనగర్, పెద్దపల్లి వాళ్లు. కరీంనగర్ నుంచి హైదరాబాద్ 160 కిలోమీటర్లు, వరంగల్ 70. ఆ 70 కిలోమీటర్ల రోడ్డు నాలుగు లైన్లతో సాఫీగా ఉంటే కరీంనగర్ జనం మామునూరుకు వస్తారు, లేకపోతే అలవాటైన రాజీవ్ రహదారే పట్టుకుంటారు. ఎయిర్‌పోర్టు బతుకు సగం దాని గోడల బయటి రోడ్డు మీద ఆధారపడి ఉంటుంది. దీని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంది.

గల్ఫ్ సంగతి వేరుగా చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ నుంచి దుబాయ్, మస్కట్, జెడ్డా పోయే అన్నలు వేలల్లో ఉన్నారు. మామునూరు తెరవగానే వాళ్లకు నేరుగా ఫ్లైటు వస్తుందని కొందరు ఆశపడుతున్నారు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ లేకుండా అది కుదరదు. మొదటి కొన్నేళ్లు దేశంలోపలి రూట్లే. ముంబయికి మంచి టైములో కనెక్షన్ దొరికి, ఒకే టికెట్ మీద సామాను నేరుగా అక్కడికి చేరితే కొందరికి ఉపయోగం. అంతవరకు వాళ్లకు శంషాబాదే. వాళ్ల కష్టం చూసినవాడిగా ఈ మాట చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ లేని ఆశ పెట్టడం అంతకంటే తప్పు.

మైసూరును చూడాలి, రాజమండ్రినీ చూడాలి

మన పరిస్థితికి అద్దంలా ఉన్న ఊరు మైసూరు. బెంగళూరు నుంచి 145 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి మనమున్నంత దూరమే. చదువులకు, చరిత్రకు పేరున్న పాత రాజధాని. అక్కడ 2010లో ఎయిర్‌పోర్టు మళ్లీ తెరిచి మొదటి ఫ్లైటు బెంగళూరుకే వేశారు. 2011లోనే అది ఆగిపోయింది. ఎందుకు ఆగదు? పొద్దున రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగళూరు నడిబొడ్డున దిగుతారు. 2013లో ఇంకో కంపెనీ చెన్నైకి మొదలుపెట్టి, మరుసటి ఏడాదే మానేసింది. 2017లో చిన్న ఊళ్ల ఫ్లైట్లకు సర్కారు సాయమిచ్చే ఉడాన్ పథకం కింద చెన్నై రూటు మళ్లీ మొదలయ్యాకే అక్కడ రాకపోకలు నిలదొక్కుకున్నాయి. ఇన్నేళ్లయినా రన్‌వే 1.7 కిలోమీటర్ల దగ్గరే ఉంది, కాబట్టి పెద్ద విమానాలు దిగవు.

మనం దీన్నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది. మామునూరు నుంచి హైదరాబాద్‌కు ఫ్లైటు అడగకూడదు. కాజీపేటలో సూపర్‌ఫాస్ట్ ఎక్కితే రెండు గంటల లోపు సికింద్రాబాద్. వందేభారత్‌లు వరంగల్‌లో, కాజీపేటలో ఆగుతున్నాయి. మనకు కావాల్సింది హైదరాబాద్‌ను దాటించే ఫ్లైటు.

రాజమండ్రి కథ ఇంకో రకం. అక్కడి మధురపూడి ఎయిర్‌పోర్టు రన్‌వే చాలాకాలం 1.7 కిలోమీటర్ల చిల్లరే. ఏటీఆర్‌లు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు తిరిగేవి. రన్‌వేను 3.1 కిలోమీటర్లకు పెంచాక కూడా వెంటనే పెద్ద విమానం రాలేదు. ఏళ్లు గడిచాయి. 2024 డిసెంబర్‌లో ముంబయికి, ఢిల్లీకి ఎయిర్‌బస్‌లు మొదలయ్యాయి. ఈ లోపల ఏటీఆర్‌లు రోజూ నిండుతూ పోవడం వల్లే ఆ ఊళ్లో జనం ఉన్నారని కంపెనీకి నమ్మకం కుదిరింది. కానీ రాజమండ్రికి హైదరాబాద్ 400 కిలోమీటర్లు. ఆ ఒక్క రూటు దాన్ని చాలాకాలం మోసింది. మనకు ఆ సౌకర్యం లేదు. మొదటి రోజు నుంచే బెంగళూరు మీదో, చెన్నై మీదో బతకాలి.

ఉడాన్ ఇచ్చేది మూడేళ్ల ఊపిరి

ఇలాంటి ఊళ్ల కోసమే కేంద్రం 2016 అక్టోబర్‌లో ఉడాన్ పథకం తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న మొదటి ఫ్లైట్లు ఎగిరినప్పుడు వాటిలో మన తెలుగు రూటు కూడా ఉంది, కడప నుంచి హైదరాబాద్‌కు. నాందేడ్ నుంచి కూడా అదే రోజు మొదలైంది. పద్ధతి ఏమిటంటే, విమానంలో సగం సీట్లు, గరిష్ఠంగా 40, సర్కారు నిర్ణయించిన రేటుకే అమ్మాలి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలని మొదట్లో పెట్టారు. కంపెనీకి వచ్చే లోటును కేంద్రం, రాష్ట్రం కలిసి పూడుస్తాయి, అందులో రాష్ట్రం వాటా 20 శాతం. ఎయిర్‌పోర్టులో దిగడానికి, ఆగడానికి కట్టే ఛార్జీలు ఉండవు. విమాన ఇంధనం మీద రాష్ట్రం వ్యాట్‌ను ఒక శాతానికి దించాలి. ఇంధనం జీఎస్టీలో లేదు, కంపెనీ ఖర్చులో దాదాపు 40 శాతం దానిదే, కాబట్టి ఈ ఒక్క శాతం చిన్న విషయం కాదు. ఇదంతా మూడేళ్లు. ఆ మూడేళ్లు ఆ రూటులో ఇంకో కంపెనీకి ఉడాన్ సాయం ఉండదు.

మూడేళ్ల తర్వాత? సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన రిపోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. మూడో విడత ఉడాన్ వరకు 774 రూట్లు కేటాయిస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తిచేసినవి 112. సాయం ఆగిన తర్వాత 2023 మార్చి నాటికి కూడా నడుస్తున్నవి 54. ఈ అంకెలు నేను మళ్లీ మళ్లీ చదివాను. ప్రతి అంకె వెనకా ఒక ఊరు ఉంటుంది, రిబ్బన్ కట్ చేసిన ఒక రోజు ఉంటుంది, ఆ తర్వాత తాళం వేసిన కౌంటర్ ఉంటుంది.

కడపే తీసుకోండి. అక్కడ ఉడాన్ రూట్లు నడిపిన ప్రాంతీయ కంపెనీ 2022 మొదట్లో మొత్తానికే ఆగిపోయింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ సర్కారు తన డబ్బుతో లోటు పూడుస్తానని ఇంకో పెద్ద కంపెనీతో మాట్లాడుకుంది, ఆ ఏడాది మార్చి చివరలో ఫ్లైట్లు మళ్లీ వచ్చాయి. రూటు ఆగాక పరుగెత్తడం కన్నా, ఆగేలా ఉందని ముందే గుర్తుపట్టి సాయం సిద్ధంగా ఉంచుకోవడం మేలు. తెలంగాణ సర్కారు భూమికి 205 కోట్లు పెట్టింది. మొదటి మూడు నాలుగేళ్ల లోటు కోసం ఒక చిన్న నిధి పక్కన పెట్టడం దాని ముందు పెద్ద ఖర్చేమీ కాదని నా అభిప్రాయం.

ఇంకో భయం కూడా ఉంది. దేశంలో విమానం ఎక్కే ప్రతి పది మందిలో ఆరుగురికి పైగా ఒకే కంపెనీ ఫ్లైట్లలో వెళ్తున్నారు. 2025 డిసెంబర్‌లో పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలకు ఆ కంపెనీ సిద్ధంగా లేకపోవడంతో వేల ఫ్లైట్లు రద్దయ్యాయి, రోజుల తరబడి జనం ఎయిర్‌పోర్టుల్లో పడిగాపులు పడ్డారు. రోజుకు పది ఫ్లైట్లున్న రూటులో ఒకటి పోతే ఇంకోదాంట్లో సర్దుతారు. రోజుకు ఒక్కటే ఉన్న ఊళ్లో అది పోతే మిగిలేది ఏమీ లేదు. అందుకే ఏటీఆర్‌లు నడిపే చిన్న కంపెనీలను కూడా మొదటి నుంచే పిలవాలి. సర్కారుకు చెందిన అలయన్స్ ఎయిర్ ఉంది, 2024లో మొదలైన ఫ్లై91 ఉంది.

టైమే అసలు సంగతి

విమానాల టైం టేబుల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది. మార్చి చివరి ఆదివారం వేసవిది మొదలవుతుంది, అక్టోబర్ చివరి ఆదివారం చలికాలానిది. కొత్త రూట్ల ప్రకటనలు ఎక్కువగా ఆ రోజుల చుట్టే రావడానికి కారణం అదే. ఢిల్లీ, ముంబయిల్లో మంచి టైములన్నీ ఎప్పుడో నిండిపోయాయి. అక్కడ పొద్దున ఏడింటికి దిగే వీలు కొత్త ఊరికి దొరకడం చాలా కష్టం. 2025 అక్టోబర్‌లో ప్రారంభమైన నవీ ముంబయి లాంటి కొత్త ఎయిర్‌పోర్టుల్లో మాత్రం ఇంకా చోటుంది. ఢిల్లీ, ముంబయి రూట్లు అడిగే నాయకులు "ముంబయి కావాలి" అని ఊరుకోకుండా, "నవీ ముంబయిలో పొద్దున చేరేది కావాలి" అని అడిగితే జవాబు దొరికే అవకాశం ఎక్కువ.

నన్ను అడిగితే మొదటి రూటు బెంగళూరు, రెండోది తిరుపతి. బెంగళూరు ఉద్యోగాల వల్ల ఏడాదంతా నిండుతుంది, పైగా అక్కడి నుంచి దేశమంతా కనెక్షన్ దొరుకుతుంది. తిరుపతికి మన దగ్గర సీజన్ అంటూ లేదు, రైల్లో రాత్రంతా కూర్చుని పోయే ముసలివాళ్లకు గంటా పావు ప్రయాణం నిజమైన మేలు. ఢిల్లీ మూడోది, రన్‌వే పూర్తయ్యాక. విశాఖకు రైళ్లున్నాయి, అది ఆగొచ్చు.

బెంగళూరు ఫ్లైటు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఉండాలి. రెండూ ఉంటేనే ఒక్క రోజులో పని చూసుకుని ఇంటికి రావచ్చు, వ్యాపారి అప్పుడే శంషాబాద్ మానేస్తాడు. దానికి రన్‌వే లైట్లు ముఖ్యం. రాత్రి దిగే ఏర్పాటు లేని ఎయిర్‌పోర్టుకు సాయంత్రం పొద్దుగూకితే తాళమే, మిగిలేది మధ్యాహ్నపు ఫ్లైటు. అలాగే డిసెంబర్, జనవరి పొద్దుటి మంచు. ఐఎల్ఎస్ అనే దారి చూపే పరికరం ఉంటే 550 మీటర్ల దూరం కనిపిస్తే చాలు, పైలట్ దించగలడు. లేకపోతే అంతకు ఎన్నో రెట్లు స్పష్టంగా కనిపించాలి. వరుసగా వారం రోజులు పొద్దుటి ఫ్లైటు రద్దయితే జనానికి ఆ ఎయిర్‌పోర్టు మీద నమ్మకం పోతుంది, మళ్లీ కారు మాట్లాడుకుంటారు. లైట్లు, ఐఎల్ఎస్ తర్వాత చూద్దాంలే అనే పనులు కావు. టెర్మినల్ మీద కాకతీయ తోరణం ఎంత అందంగా చెక్కుతారన్నది ఆ తర్వాతి ముచ్చట.

ఇక నక్కలపల్లి రైతుల దగ్గరికి వస్తే, వాళ్లు భూమి ఇచ్చింది ఒక బిల్డింగు కోసం కాదు, రోజూ ఎగిరే విమానాల కోసం. కాబట్టి ప్రతి టైం టేబుల్‌కు ముందు, అంటే ఏటా మార్చికి, అక్టోబర్‌కు నెలా రెండు నెలల ముందు, జిల్లా యంత్రాంగం, ఎంపీలు, ఎన్ఐటీ, మార్కెట్ కమిటీ, టెక్స్‌టైల్ పార్కు వాళ్లు ఒకచోట కూర్చుని, మా దగ్గర నుంచి ఏ ఊరికి ఎంతమంది పోతారో రాసి కంపెనీల ముందు పెట్టాలి. ఎన్ఐటీలో ఏ రాష్ట్రం పిల్లలు ఎంతమందో, సెలవులు ఏ తేదీల్లోనో రికార్డుల్లో ఉంటుంది. మిర్చి సీజన్‌లో ఏ ఊరి వ్యాపారులు వస్తారో ఎనుమాములలో అందరికీ తెలుసు. ఈ వివరాలు కంపెనీ ఆఫీసులో కూర్చున్న వాళ్లకు తెలియవు, మనమే చెప్పాలి.

మొన్న ఫోన్‌లో మా చెల్లెలి కొడుకును అడిగాను, నీకు ఏ టైములో ఫ్లైటు ఉంటే బాగుంటుందని. వాడు ఆలోచించకుండా చెప్పాడు: "శుక్రవారం రాత్రి ఎనిమిదికి ఇక్కడ ఎక్కాలె మామా. తొమ్మిదిన్నరకు మామునూరు. సోమవారం పొద్దుగాల ఆరింటికి మళ్లా అక్కడి నుంచి." ఒక్క శుక్రవారం కోసం ఎవరూ విమానం నడపరని చెప్పాను. కొంచెం సేపు ఊరుకుని, "మా ఆఫీసుల మనోళ్లే పదకొండు మంది ఉన్నరు, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.